వాషింగ్టను గొంతునొప్పి

మనయిండ్లలో గొంతునొప్పి యనునది రోగముల పట్టికలో చేరినది కాదు. ఒకరికి గొంతు పట్టినదన్నచో మిరియాల కషాయమో, శొంఠికాఫీయో, ఉప్పునీటి పుక్కిలింతయో చెప్పి యెవరి పనికి వారు పోవుదురు. ముసలమ్మలు కొండనాలుక దిగినదందురు. పెక్కుమారు లా మాటయే చాలును. రెండుమూడు దినములలో నొప్పి తనంతట తానే పోవును. అందువలననే మన కీ విషయమున నింత నిర్భయము. కాని యొక గొప్ప ప్రజాప్రభుత్వమునకు మొదటి యధ్యక్షుడై, అంతకు ముందు యుద్ధభూములలో తుపాకిగుండ్ల నడుమ గుఱ్ఱముపై తిరిగియు గాయపడకుండ బయటపడిన జార్జి వాషింగ్టను, శుక్రవారమునాడు గొంతునొప్పి యని, శనివారము రాత్రి పదిగంటలు దాటి యర్ధగంట కాకమునుపే ప్రాణములు విడిచెను. అది 1799వ సంవత్సరము డిసెంబరు 14వ తేది. ఆ యొక్క దినమున ఆ గదిలో జరిగినది యాయన యాంతరంగిక కార్యదర్శి యగు టోబయస్ లియరు గంటగంటకు వ్రాసియుంచినందున మనకు దక్కినది. వైద్యచరిత్రమునందే కాక సంఘచరిత్రమునందును ఆ వ్రాత చదువదగినది.

కథకు ముందు స్వరమునుగూర్చి యొకమాట చెప్పవలెను. గొంతు మారుట యని మన మొకటే పేరు పెట్టుదుముగాని యందు రెండు తెఱగులు కలవు. మొదటిది బొంగురు. దినమున కైదాఱుగంటలు పాఠము చెప్పు మాబోంట్ల కిది యింటిచుట్టము. కంఠనాళములోని నాదతంత్రులు వాచుటచే గరగరలాడు స్వరము వచ్చును. విశ్రాంతి నిచ్చినచో పోవును. రెండవది వేఱు. స్వరము గరగరలాడదు; మూతపెట్టిన పాత్రలోనుండి వచ్చినట్లు మందగించి, వేడియన్నపు ముద్దను నోట నుంచుకొని పలుకువాని పలుకువలె నుండును. వీణెకు తంత్రులెంత చక్కగా నున్నను కుండలో గుడ్డలు క్రుక్కినచో నాదము మూగవోవును గదా! అట్లే నాదము పుట్టుచోటు కాక, నాదము మ్రోగుచోటు వాపుచే నిండినదని యా పలుకు తెలుపుచున్నది. టాన్సిలు ప్రక్కను చీము పట్టినను, నాలుక మొదట వాపు పుట్టినను, శ్వాసనాళమునకు మూతవలె నుండు ఉపజిహ్విక యను చిన్నరేకు వాచినను ఈ గుర్తు కనబడును. గాలిదారియు నా ప్రక్కనే. కనుక స్వరము ముద్దగా నైనదన్నచో, దారి యిరుకగుచున్నదేమో యని శంకింపవలసియున్నది.

మన పూర్వు లీ సంగతి నెఱుగనివారు కారు. సుశ్రుతుడు ముఖరోగములు అఱువదియైదని లెక్కించి, వానిలో కంఠమున పుట్టువానికి రోహిణి, గిలాయువు, గలవిద్రధి, స్వరఘ్నము మొదలగు పేర్లిడెను. గలవిద్రధి యనగా గొంతులోని పుండుగడ్డ. స్వరఘ్నమునకు పేరే లక్షణము. చరకుడు సూత్రస్థానమున రోహిణినిగూర్చి చెప్పుచు, జిహ్వామూలమున వాపు పుట్టిన యా రోగి మూడురాత్రులకు మించి బ్రదుకడనియు, నేర్పరియగు వైద్యుడు వెంటనే చేయిచేసికొన్నచో సుఖపడుననియు వ్రాసెను. ఈ రోహిణియే నేటి డిఫ్తీరియా యని కొందఱు పండితులు గట్టిగా చెప్పుదురు. పేరుకు పేరు ముడివేయుటయందు మాకంత తొందర లేదు. ఒక పేరిలో నాలుగు వ్యాధు లిమిడియుండవచ్చును. కాని మూడురాత్రుల గడువును చెప్పినవాడు రోగుల ప్రక్క గూర్చుండి చూచినవాడే. అందులకు మన మెంత గర్వించినను తగును. అయితే, రోహిణులలో సాధ్యములైనవానికి సుశ్రుతుడు చెప్పిన చికిత్సలో మొదటిది రక్తమోక్షణము. ఇది జ్ఞప్తియందుంచుకొని చదువరులు వర్జీనియాకు రావలయును. లేనిచో నచటి వైద్యులను చూచి నవ్వుట సులభమగును.

అధ్యక్షపదవిని 1797లో విడిచి వాషింగ్టను పోటోమాకు నదీతీరమున మౌంటు వెర్ననను తన భూములయొద్ద వ్యవసాయము చేయించుకొనుచుండెను. వయస్సు అఱువదియేడు. డిసెంబరు 12వ తేది గురువారము పదిగంటలకు గుఱ్ఱమెక్కి పొలములు చూడబోయెను. మంచు, వడగండ్లు, చలివాన ఒకదానివెంట నొకటి కురిసినవి. మూడుగంటలు దాటిన పిమ్మట ఇల్లు చేరి, తలవెండ్రుకలపై మంచు కనబడుచుండగనే, బట్టలు మార్చుకొనకయే భోజనమునకు గూర్చుండెను. మఱునాడు గొంతు నొప్పి యనెను. ఐనను మధ్యాహ్నము కొట్టివేయవలసిన చెట్లకు గుర్తులు పెట్టుటకు మంచులోనికి పోయెను. సాయంకాలము స్వరము బొంగురుపోయినది. ఆ బొంగురుగొంతుతోనే వార్తాపత్రికలు బిగ్గరగా చదువుచు కూర్చుండెను. మందేదైన పుచ్చుకొనరాదా యని లియ రడిగినప్పుడు, జలుబునకు తా నెన్నడును మందు పుచ్చుకొనలేదనియు, వచ్చినదారినే పోవుననియు జవాబు చెప్పెను. ఈ మాట మనయింటి పెద్దలలో నెందఱినోట వినియుండమా!

రాత్రి రెండుమూడుగంటల నడుమ ఆయన భార్యను లేపి యొడలు బాగుగా లేదనెను. మాట స్పష్టముగా రాకుండెను, ఊపిరి కష్టముగా నుండెను. ఆమె లేచి మనుష్యులను పిలువబోగా, ఆమెకే యంతకుముందు జలుబు చేసి తగ్గినందున, చలిలో లేవవలదని యాయన వారించెను. తెల్లవాఱి నిప్పు రగిల్చుటకు కెరొలైను అను దాసి వచ్చువఱకు ఆ యిల్లాలు చీకటిలో భర్త యూపిరి వినుచు గూర్చుండెను. ఇది ప్రేమ కాదని యెవ్వ రనగలరు? కాని ఆ మూడునాలుగు గంటలు మరల రాలేదు.

లియరు వచ్చి చూచునప్పటికి ఆయన పలికిన పలుకు తెలియుట దుర్లభమై యుండెను. తేనెపాకము, సిర్కా, వెన్న కలిపిన మందొకటి త్రాగింపబోగా గుటక దిగలేదు, ఊపిరాడక కొట్టుకొనెను. మింగలేకపోవుట, మాట ముద్దగట్టుట, ఊపిరి బిగియుట: ఈ మూడును కలిసినప్పుడు వాపు ఎచ్చటనున్నదో నేటి వైద్యవిద్యార్థియు చెప్పగలడు. వైద్యుడు రాకముందే రక్తము తీయింపవలెనని వాషింగ్టనే కోరెను. పొలముల పర్యవేక్షకుడు రాలిన్సు అనువాడు చేయి వణకుచుండగా కత్తి పట్టెను. భయపడకుమని రోగియే వానికి ధైర్యము చెప్పి, గాటు చాలలేదనెను. భార్యకుమాత్ర మిది నచ్చలేదు. ఎక్కువ రక్తము తీయింపవలదని లియరును బతిమాలెను. లియరు కట్టు విప్పబోగా రోగి చేయెత్తి వారించి, ఇంకను ఇంకను అనెను. ఆ గదిలో ఆ ఉదయమున సరియైన మాట చెప్పినది వైద్యము చదువని యా గృహిణి యొక్కతెయే.

తొమ్మిదిగంటల ప్రాంతమున జేమ్సు క్రేకు వచ్చెను. ఈయన వాషింగ్టనుకు నలువదియైదేండ్ల స్నేహితుడు. గొంతుపై బొబ్బలెక్కించు మందు పట్టువేసెను, రక్తము తీసెను, సిర్కా కలిపిన కషాయముతో పుక్కిలింపుమనెను. పుక్కిలించుటకు తల వెనుకకు వాల్చగానే ఊపిరి నిలిచిపోవునట్లయ్యెను. మరల రక్తము తీసిరి. మూడు నాలుగుగంటల నడుమ మఱియిద్దఱు వైద్యులు వచ్చిరి: ఎడింబరోలో చదివిన గస్టేవసు బ్రౌను, అలెగ్జాండ్రియా పట్టణమునుండి ఎలైషా డిక్కు. డిక్కునకు ముప్పదియేడేండ్లు, మువ్వురలో నందఱికంటె చిన్నవాడు.

ఈ చిన్నవాడు రెండుమాటలు చెప్పెను. ఇక రక్తము తీయవలదు, ఆయనకు బలము కావలెను, తీసినకొలది బలము తగ్గును అనునది మొదటిమాట. గొంతుపొర యుద్రేకముగా వాచి గాలిదారి మూసికొనుచున్నది, కనుక ఆ వాపునకు దిగువగా శ్వాసనాళమునకు రంధ్రము చేసి గాలి పోనిండు అనునది రెండవది. పెద్దలిద్దఱు ఒప్పుకొనలేదు. నాలుగవమాఱు ముప్పదిరెండు ఔన్సుల రక్తము తీసిరి. ఆ దినమున తీసిన మొత్తము సుమారు ఎనుబది ఔన్సులని గణించినారు. అనగా రెండు లీటర్లకు పైబడి, దేహములోని రక్తమున మూడవవంతునకు మించి. విరేచనమునకు వేఱ, వాంతికి వేఱ మందు లిచ్చిరి. కొండనాలుకకు మందు వేయబోగా ఉన్ననాలుక ఊడినదని మనవారి సామెత. ఇంత సరిగా దానికి దృష్టాంతము మఱి దొఱకదు.

పెద్దవైద్యులను దుర్మార్గులని తలపరాదు. వారు స్నేహితుని చంపదలచినవారు కారు. తమకాలపు శాస్త్రము చెప్పినట్లు చేసిరి. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్షు అను ప్రసిద్ధవైద్యుడు 1793వ సంవత్సరపు పచ్చజ్వరమున రోగులకు కుండలకొలది రక్తము తీసి, అదియే పరమౌషధమని బోధించెను. దానిని పరిహసించి వ్రాసిన విలియం కాబెట్టు అను పత్రికారచయితపై ఆయన మాననష్టపు దావా వేసెను. న్యాయస్థానము కాబెట్టునకు ఐదువేల డాలర్లు దండుగ వేసెను. ఆ తీర్పు వచ్చినది ఏనాడనుకొన్నారు? 1799 డిసెంబరు 14! రక్తమోక్షణమును వెక్కిరించినందులకు ఫిలడెల్ఫియాలో నొకనికి శిక్ష పడుచుండగా, మౌంటు వెర్ననులో రక్తము పాత్రలకు పట్టుచుండిరి. కల్పనాకథలో నిట్లు వ్రాసినచో అతిశయోక్తి యని త్రోసివేయుదుము.

శ్వాసనాళమునకు రంధ్రము చేయుట విననిది కాదు. ఇటలీదేశమున బ్రసావోలా అను వైద్యుడు 1546లోనే గొంతు మూసికొనిన రోగికి చేసి బ్రదికించినట్లు వ్రాసియుంచెను. కాని తరువాతి రెండుమూడు శతాబ్దములలో చేసినవారు మిక్కిలి తక్కువ. మత్తుమందు లేని కాలము. రోగి యల్పుడు కాడు, దేశమునకు తండ్రివంటివాడు. కత్తివ్రేటున పోయినచో చంపినవాడను పేరు వచ్చును. రక్తము తీయగా పోయినచో రోగము చంపినదందురు. వాడుకలోనున్న చికిత్స చేయువానికి నింద లేదు. ఈ న్యాయము వైద్యులయొద్దనే కాదు, మన పంచాయతీలలోను కుటుంబములలోను నడచుచున్నదే. డిక్కు చెప్పినట్లు చేసియున్నచో ఆయన బ్రదికియుండునని మేము ప్రతిజ్ఞ చేయము. కాని 1800 జనవరిలో బ్రౌనే క్రేకునకు జాబు వ్రాయుచు, ఆ చిన్నవాని మాట వినియున్నచో మన మిత్రుడు నేటికి జీవించియుండునేమో యని తలపోసెను. పెద్దవాడు తన పొరపా టొప్పుకొని వ్రాసిన యీ జాబు ఆ కథలో మాకు మిక్కిలి నచ్చిన భాగము.

ఆ గదిలోని వారి లెక్క యింతటితో ముగియలేదు. కెరొలైను, మాలీ, షార్లెట్టు అను దాసీలును, క్రిస్టఫర్ షీల్సు అను సేవకుడును అచట నుండిరి. క్రిస్టఫరు ఉదయమునుండి మంచముప్రక్క నిలువబడియే యుండెను. మధ్యాహ్నమున రోగి యది గమనించి, కూర్చుండుమని వానికి సైగచేసెను. దయగల సైగయే. కాని యా క్రిస్టఫరు మూడునెలల క్రిందట, సెప్టెంబరులో, భార్యతో గూడ దాస్యమునుండి పాఱిపోవుటకు యత్నింపగా వాషింగ్టనే యొక చీటివలన కనిపెట్టి యాపెను. సాయంకాలము వాషింగ్టను భార్యచేత రెండు మరణశాసనములు తెప్పించుకొని యొకటి కాల్పించెను. మిగిలినదానిలో తన సొత్తుగానున్న 123 మంది బానిసలకు, భార్య యనంతరము, స్వేచ్ఛ వ్రాసియుండెను. ఆమె 1801 జనవరి 1వ తేదినే వారిని విడుదల చేసెను. క్రిస్టఫరు ఆ 123 మందిలోనివాడు కాడు. అతడు ఆమె మొదటిభర్త యాస్తిలోని బానిస; శాసనము వానికి వర్తింపలేదు. ఊపిరి చాలక మాట రానివాని మంచముప్రక్క, ఊపిరి యుండియు మాట చెల్లనివాడు పగలంతయు నిలిచియుండెను.

ఐదుగంటల వేళ ఆయన క్రేకుతో, కష్టముగా చచ్చుచున్నాను గాని పోవుటకు భయము లేదని చెప్పెను. పదిగంటలకు, పెక్కు యత్నములమీద, చనిపోయిన మూడుదినములవఱకు తన్ను సమాధిలో పెట్టవలదని లియరునకు తెలిపెను. బ్రదికియుండగనే పూడ్చుదురను భయ మా కాలమువారికి మెండు. పిమ్మట తన నాడి తానే చూచుకొనుచు మరణించెను. వైద్యులు దీనిని శ్వాసనాళపు వాపని పత్రికలలో ప్రకటించిరి. తరువాతివారిలో ననేకులు ఉపజిహ్విక వాపని నిశ్చయించినారు; టాన్సిలు ప్రక్కని చీముగడ్డ యన్నవారును కలరు. ఏదైనను దిగువ నొక రంధ్రము గాలి కిచ్చునదే.

డిక్కు 1825లో చనిపోయెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సుదేశమున టూర్సు పట్టణములో బ్రెటొన్నో అను వైద్యుడు డిఫ్తీరియాతో ఊపిరాడని యొక మిత్రుని కుమార్తెకు శ్వాసనాళమునకు రంధ్రము చేసి బ్రదికించెను. అంతకుముందు చేసిన ప్రయత్నములు విఫలమైనను ఆయన విడువలేదు. గొంతులో తోలువంటి పొర కట్టుటచే, గ్రీకుభాషలో తోలు నకు గల పేరునుబట్టి 1826లో ఆ వ్యాధికి పేరిడినదియు ఆయనయే. మనవారు దానిని కంఠసర్పి యందురు. స్పెయినుదేశస్థులు అంతకుపూర్వమే గొంతునకు త్రాడు బిగించి చంపు శిక్షపేరు దానికి పెట్టి, 1613వ సంవత్సరమును ఆ పేరనే పిలిచిరి. నెపోలియను తమ్ముని కుమారుడైన పసివాడు 1807లో గొంతు మూసికొని చనిపోగా, చక్రవర్తి ఆ వ్యాధిపై మేలైన గ్రంథమునకు పండ్రెండువేల ఫ్రాంకుల బహుమానము ప్రకటించెను. బహుమానము గ్రంథములను పుట్టించినదిగాని మందును పుట్టింపలేదు.

మందు వచ్చినది సూక్ష్మజీవిని పట్టుకొనిన పిమ్మట. క్లెబ్సు 1883లో దానిని చూచెను, లోఫ్లరు 1884లో వేఱుచేసి పెంచెను, రూ, యెర్సినులు 1888లో అది విసర్జించు విషమే చంపునదని నిరూపించిరి. 1890లో బెర్లినునందు బేరింగును, జపానుదేశీయుడగు కిటసాటోయు విషమునకు విరుగుడు రక్తరసములో పుట్టునని కనుగొనిరి. వైద్యశాస్త్రమున మొట్టమొదటి నోబెలు బహుమానము 1901లో బేరింగున కొక్కనికే ముట్టినది, కిటసాటో పేరెత్తలేదు. రూ గుఱ్ఱముల రక్తరసముతో పారిసు పిల్లల యాసుపత్రిలో చికిత్సచేసి, మరణములు సగమునకు తగ్గినవని 1894లో తెలిపెను. రక్తము తీసి చంపిన శతాబ్దము రక్తరసము నెక్కించి బ్రదికించుటతో ముగిసినది. 1923లో రమోను విషమును నిర్విషముగావించి టీకా చేసెను.

టీకా వచ్చినను రోగము దేశాంతరము పోలేదు. సోవియటు రాజ్యము విచ్ఛిన్నమైన కాలమున, 1990 మొదలు ఎనిమిదేండ్లలో, ఆ ప్రాంతములందు లక్షయేబదివేలమందికి పైగా డిఫ్తీరియా సోకినది. అందు పెద్దవారు పెక్కుమంది. చిన్ననాటి టీకా బలము ఏండ్లు గడచినకొలది తగ్గుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. మనదేశమున టీకాల కార్యక్రమము 1978లో ప్రారంభమైనను, నేటికిని ప్రపంచమున నీ రోగము విశేషముగా కనబడు దేశములలో మనది యొకటి. హైదరాబాదులో నల్లకుంటనున్న జ్వరాల ఆసుపత్రిలో దశాబ్దములుగా ఈ పిల్లలను చేర్చుకొనుచున్నారు. పసితనమున మూడుసూదులు వేయించిన తల్లిదండ్రులే ఏడాదిన్నరకును, ఐదాఱేండ్లకును, పదేండ్లకును, పదునాఱేండ్లకును వేయింపవలసినవి మఱచుట మనమెఱిగినదే. ఆడపిల్లకు పదునాఱేండ్ల సూదియేల యని అడుగువారిని మేమెఱుగుదుము. వాషింగ్టనును చంపినట్టి ఉపజిహ్విక వాపు పిల్లలలో కలుగుటకు ముఖ్యకారణమైన సూక్ష్మజీవికి టీకా 1980 తరువాతి దశాబ్దమున వచ్చినది. దానిని కలిపిన ఐదింటి టీకా 2011 డిసెంబరులో కేరళ, తమిళనాడులలో మొదలై క్రమముగా దేశమంతట వ్యాపించినది.

కనుక నేడు మన యిల్లాండ్రకు కావలసినది కత్తి కాదు, చెవి. పిల్లవాని మాట ముద్దగా వచ్చుచున్నది, ఉమ్మి మింగలేక కార్చుచున్నాడు, పడుకొననని ముందుకు వంగి గడ్డము చాచి కూర్చున్నాడు అన్నచో, వానిని బలవంతముగా పడుకోబెట్టరాదు, చెంచాతో నాలుక నొక్కి చూడరాదు, కషాయము పోయరాదు. కూర్చున్నవానిని కూర్చున్నట్లే ఆసుపత్రికి గొనిపోవలెను. దవడ తెఱవలేకున్నను, ఒక ప్రక్క వాచి కొండనాలుక రెండవప్రక్కకు త్రోయబడినను చీము పట్టినదని వైద్యుడు చూచును. మెడ యుబ్బి, గొంతులో బూడిదవన్నె పొర కనబడినచో తెల్లవాఱనీయరాదు. విరుగుడు రసము ఎంత ముందిచ్చిన నంత ఫలము, విషము ధాతువులలో చేరిన పిమ్మట అది యేమియు చేయజాలదు. రోగము తగ్గినదని యింటికి వచ్చిన కొన్నివారములకు పిల్లవాడు ముక్కుతో మాటలాడుటయు, త్రాగిన పాలు ముక్కున వచ్చుటయు కలదు. దానిని చూచి గాలి సోకినదని కొందఱు తాయెత్తులు కట్టుదురు. అది అంగిలికి పట్టిన పక్షవాతము; విషముయొక్క శేషము. చాలమందికి మెల్లమెల్లగా సర్దుకొనును. అంతవఱకు పాలు కొంచెముకొంచెముగా చిక్కగా పట్టి, పరుగులాటలు మాన్పించి, గుండెను వైద్యునిచేత చూపించుచుండవలెను.